దిబ్బలో దొరికిన బిడ్డ

భూరాణ్ గోత్రపు జాట్ రైతులకు తమ పుట్టుక కథంటే మహా గర్వం. ఎడారిలో కరువొచ్చి ఒంటెమీద బయలుదేరిన భూరా తాత, జనం విడిచిపోయిన ఊరొకటి చూసి అక్కడే నాగలి దించాడట. ఆ పాత ఊరి దిబ్బ ఇప్పటికీ వాళ్ల గోధుమ చేల మధ్య ఉంది.

ఆ భూరాణ్ ఇంటి కోడలు సర్బతి పుట్టింట విన్న కథ వేరు. ఆమెది ఖేర్వాల్ గోత్రం. మగవాళ్లంతా పశువుల సంతకు వెళ్లిన రోజున ఎవరో ఊరిమీద పడి మిగిలినవాళ్లను నరికేశారట. ఒక తల్లి బిడ్డను గాదెలో దాచి, మూతకు మట్టి మెత్తి పరిగెత్తిందట. మళ్లీ ఆ ఊరికి రాలేకపోయిందట. ఆ ఊరెక్కడో ఎవరికీ తెలియదు.

ఆ చలికాలం మామగారు హర్‌ఫూల్ బర్రెల కొట్టానికి దిబ్బమన్ను తవ్వించాడు. రొట్టెలూ మజ్జిగా తీసుకెళ్లిన, కడుపుతో ఉన్న సర్బతికి, పలుగులు దించి నిలబడిపోయిన మగవాళ్లు కనిపించారు. వాళ్ల కాళ్ల దగ్గర పగిలిన మట్టి గాదె. అందులో పిడికెడు ఎముకలు, చిన్న వెండి కడియం.

"ఎప్పటివో! పక్కన పడేసి తవ్వండి," అన్నాడు హర్‌ఫూల్.

సర్బతి గాదె మూత తిప్పి చూసింది. లోపలివైపు సన్నటి గోళ్ల గీతలు. మామగారి ఎదుట ఏనాడూ పెదవి కదపని మనిషి, ముసుగులోంచే అడిగింది.

"ఊరు ఖాళీగా ఉందన్నారు కదా మామయ్యా? మరి ఈ బిడ్డను ఎవరికి భయపడి దాచారు?"

"ఓహో, వదినకు నోరొచ్చింది!" వెక్కిరించాడు మరిది.

"నువ్వు నోర్ముయ్‌రా." హర్‌ఫూల్ మూతను చేతిలోకి తీసుకున్నాడు. ఆ గీతల మీదుగా వేలు పోనిచ్చాడు. "మా తాత పోయేముందు 'గాదె తెరవండ్రా, ఊపిరాడట్లేదు' అని అరిచాడు. మా నాన్నా అంతే. జ్వరంలో పేలాపన అనుకున్నాం గానీ, ఈ బిడ్డ ఉసురని తెలియలేదు."

మరిది కాళ్లకున్న చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

సర్బతి ఎముకల్ని తన ముసుగు కొంగులో మూటగట్టింది. గట్టు పక్కన గొయ్యి తీయబోతే హర్‌ఫూల్ పార లాక్కుని తానే తవ్వాడు.

"ఏ గోత్రమని చెప్పుకుని మట్టి వెయ్యనమ్మా?" అని అడిగాడు, తలపాగా తీసి.

"ఖేర్వాల్," అంది సర్బతి. "మాది."

మట్టి పడుతుండగా ఆమె కడుపులో బిడ్డ మొదటిసారి తన్నింది. భూరాణ్ బిడ్డ. ఐదు నెలలుగా ఆ కదలిక కోసం ఎదురుచూసిన సర్బతి, బయటికి రావడానికి దారి వెతుక్కుంటున్నట్టున్న ఆ తన్నుకు బెదిరి, రెండు చేతులూ కడుపుమీద పెట్టుకుని గట్టుమీదే కూలబడింది.