జనానా గోడ

"ఇంటికని తెచ్చిన సున్నం ఇంటికే లేకపాయె. రెండు బస్తాలు అత్తమ్మా, రెండు!" అంటూ మానస ఖాళీ డ్రమ్మును కాలితో గోడవారకు తోసింది.

ఈ ముచ్చట మూడు రోజులుగా ఆ ఇంట్లో నలుగుతూనే ఉంది. మహాదేవమ్మ కొప్పు బిగించుకుంటూ, "ఉగాదికి ఇంక దినాలున్నయి గద. మల్ల తెచ్చుకుందురు తియ్యి," అంది.

వాకిట్లో ఆటో తుడుస్తున్న కొడుకు మాణిక్ తల తిప్పలేదు. "గా టాకీసు మూతబడి ఏడేండ్లాయె అవ్వా. ఆట లేదు, నీకు జీతం లేదు. గబ్బిలాలకు సున్నమేసి వస్తివా?"

"గబ్బిలాలను ఎప్పుడో ఎల్లగొట్టిన. ఇయ్యాల పట్నమోళ్లు వస్తున్నరు. చుట్టాలొచ్చే ఇల్లు మాసి ఉంటదారా?"

"నాయినమ్మకు శాలువ కప్పుతరేమో! ఫోటో దింపి పంపు నాయినమ్మా," అని మనవరాలు స్నేహ నవ్వింది. మహాదేవమ్మ కూడా నవ్వి, సద్ది డబ్బా చేతిలోకి తీసుకుని చెప్పులు తొడుక్కుంది.

గుల్షన్ టాకీసును పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టాలని యజమాని నసీరుద్దీన్ సాబ్ కొడుకులు ఎన్నాళ్లుగానో పోరుతున్నారు. ముసలాయన సంతకం పెట్టకుండా ఆపుకుంటూ వచ్చాడు. పాత కట్టడాలను కాపాడే సంస్థవాళ్లు ఇవాళ వచ్చి చూసి సరేనంటే, ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. కాదంటే ఆపడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు. ఈ సంగతి మహాదేవమ్మకు తెలుసు. అందుకే గోడ ఎక్కడ మాసి ఉందో అక్కడల్లా ఆమె చేయి పడింది.

పంతొమ్మిదో ఏట ఆమె జనానా వాకిట్లో పనికి నిలబడింది. ఆడవాళ్లు కూర్చునే ఆ గదికీ, మగవాళ్ల కుర్చీలకూ మధ్య నల్లటి పర్దా ఉండేది. దీపాలు ఆరాక దాన్ని తాడుతో పైకి లాగాలి. ఇంటర్వెల్‌లో దీపాలు వెలగడానికి ముందే దించాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే బురఖా తీసి కూర్చున్నవాళ్ల ముఖాలు వెలుగులో పడతాయి. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ ఆలస్యం కాలేదు. తాడు లాగి లాగి కుడి భుజం కిందికి జారింది, అరచేతిలో అడ్డంగా గట్టి కాయ పడింది. తెర కంటే ఆమె ఎక్కువ చూసింది ముఖాలనే. కోహీర్ నుంచి, రాయికోడ్ నుంచి వచ్చిన ఆడవాళ్ల ముఖాల మీద వెలుగు మారుతుంటే, తెర మీద ఏం జరుగుతోందో ఆమెకు తెలిసిపోయేది. ఇంట్లో ఏడవడానికి వీల్లేనివాళ్లు అక్కడికొచ్చి ఏడ్చేవాళ్లు. వాళ్లను కదిలించకుండా, చంటిపిల్లలను తన ఒళ్లోకి తీసుకునేది.

పదకొండింటికి ఇద్దరొచ్చారు. వర్షిత అనే అమ్మాయి, కొలతల టేపు పట్టుకున్న ఒకాయన. ముఖద్వారం కమానులు, చెక్క మెట్లు చూస్తూ ఆ అమ్మాయి మురిసిపోయింది. కుర్చీలో కూర్చున్న సాబ్ ముఖం వెలిగింది. జనానాలోకి వచ్చాక ఆ అమ్మాయి నిలబడిపోయింది.

"ఈ గోడ ఎక్కడుందమ్మా?" అని ఫోన్ చూపించింది.

కళ్లు చిట్లించి చూసింది మహాదేవమ్మ. ఫోటోలో గోడంతా అల్లుకున్న తీగ, చిలుకలు, తీగ కింద వరుసగా కూర్చుని ఎటో చూస్తున్న ఆడవాళ్లు. టాకీసు కట్టినప్పుడు వేసిన బొమ్మలు.

"గిదే బిడ్డా. గిదే గోడ."

ఎదురుగా గోడ పాలలా తెల్లగా ఉంది.

టేపు పట్టుకున్నాయన గోరుతో గీకి చూశాడు. "పైన సున్నమే అయితే కడిగి తీయొచ్చు. కింద రంగు లేదు మేడం."

"ఎట్లుంటది సారూ? నూనె తలకాయలు ఆనిచ్చి ఆనిచ్చి జిడ్డు పట్టుండె. పాత రంగు గోకకుంటె సున్నం నిలుస్తదా? కుర్పి పట్టి గోకిన, మూడు దినాలు..." గర్వంగా మొదలుపెట్టిన మాట ఆ అమ్మాయి ముఖం చూసి మధ్యలోనే ఆగింది.

వెనకాలే వచ్చిన సాబ్ చేతికర్ర ఊతంతో దగ్గరికొచ్చాడు. "వానకు ఖరాబైంది బేటీ. చత్తు కారుతది గద..."

"కాదు సాబ్. నేనే," అంది మహాదేవమ్మ.

వర్షిత ఒక్క కఠినమైన మాట అనలేదు. ఎవరో ఎప్పుడో తీసిన ఈ గోడ ఫోటో చూసే తమ పెద్దలు రమ్మన్నారని, ఉత్త హాలంటే ఒప్పుకోరని మెల్లగా చెప్పింది. తెప్పించిన చాయ్ తాగకుండానే ఇద్దరూ వెళ్లిపోయారు.

ముసలాయన గోడ వైపు చూస్తూ బల్ల మీద కూర్చున్నాడు. "సాఫ్‌గ చేసినవు మహాదేవమ్మా. నీకెవరు చెప్పిన్రు, నాకెవరు చెప్పిన్రు? రోజూ కండ్ల ముందు ఉండేది. ఫికర్ చెయ్యకు, నీ చేతిల లేదది."

"నా చేతిలనే ఉండె సాబ్."

ఆయన చేతికర్ర అందుకుని లేచాడు. "జుమ్మా నమాజ్ అయినంక పిల్లలను రమ్మంట. సంతకం పెడ్త," అని చేయి చాపాడు. ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి ఆ చేతిలో పెట్టింది. ఆయనే తాళం వేశాడు. తాళంచెవి రెండుసార్లు తప్పింది. ఆమె సాయానికి వెళ్లలేదు.

రాత్రి అన్నాల దగ్గర అందరూ కూర్చున్నాక, మహాదేవమ్మ కంచంలోకి చూస్తూ అంది. "రేపటిసంది నేను టాకీసుకు పోను. దాన్ని పడగొడ్తున్నరు. అది ఉండేదే, నేనే పోగొట్టిన."

మాణిక్ చేయి కంచంలోనే ఆగింది. అది ఏడేళ్లుగా అతను వినాలనుకున్న మాటే. స్నేహ ఫోన్ బోర్లించి పెట్టింది. మానస నీళ్ల చెంబు అత్త దగ్గరికి జరిపి, ఏదో ఒకటి మాట్లాడాలని, "నీ డబ్బా ఏది అత్తమ్మా? తోమేస్త," అంది.

అది జనానాలో, తాళం వేసిన తలుపు వెనక, బల్ల మీదే ఉంది. మూత తీయలేదు. లోపల రెండు జొన్నరొట్టెలు, ఇంత పల్లికారం.