పథ్యం మంచం

నేను ఒక నవారు మంచాన్ని. ఒక్కరికి మాత్రమే సరిపోయే మంచాన్ని. ఇద్దరు కూర్చుంటే ఓర్చుకుంటాను. ఇద్దరు నడుం వాలిస్తే మాత్రం నా పట్టెలు మూలుగుతాయి. నన్ను చేయించిన ఉద్దేశమే అది.

తణుకు దగ్గర ఒక ఊళ్లో నాగభూషణంగారని, పచ్చకామెర్లకు పసరు మందు ఇచ్చే వైద్యుడు ఉండేవాడు. మందు పోసి, "నలభై రోజులు పథ్యం" అనేవాడు. ఉప్పు, కారం, నూనె, పులుపు అంటూ ఒక్కో వేలే చూపించి, చివరి వేలు దగ్గరికి వచ్చేసరికి ఏమీ అనకుండా దాన్ని మడిచేసేవాడు. ఆ మడిచిన వేలికి అర్థం ఊళ్లో అందరికీ తెలుసు. ఆ నలభై రోజులూ ఆలుమగలు ఒక పక్క మీద పడుకోకూడదు. చాలా ఇళ్లల్లో ఉన్నది ఒక్కటే మంచం. అందుకని ఆయన వీరభద్రం అనే వడ్రంగి చేత తుమ్మకర్రతో నన్ను చేయించాడు. మందుతో పాటు రోగి ఇంటికి నన్నూ పంపేవాడు. అలా నాకు పథ్యం మంచమని పేరు పడింది.

ఎన్ని ఇళ్లు తిరిగానో చెప్పలేను. ఎక్కడ దించినా ముందు ఆ ఇల్లాలి ముఖమే చూసేదాన్ని. చాలామంది నిట్టూర్చేవారు. ఒకావిడ మాత్రం హాయిగా నవ్వుకుంది. ఆ ఇంటి సంగతి మనకెందుకు.

ఒక ఇంటి నుంచి మాత్రం పదకొండో రోజునే తిరిగి వచ్చేశాను. మనిషి దక్కలేదు. అతని భార్య నా పట్టె పట్టుకుని వీధి చివరిదాకా నడిచొచ్చింది. ఎవరో ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడిపించారు. ఆ అరచేతి చెమట నా కర్రకింకా తెలుస్తూనే ఉంటుంది. అప్పటి నుంచి నా మీద ఎవరు పడుకున్నా వాళ్ల ఊపిరి లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి.

నాగభూషణంగారు పోయాక ఆయన కూతురు మంగతాయారు నన్ను తాడేపల్లిగూడెం తెచ్చుకుంది. ఆమె భర్త సూర్యచంద్రరావు నీటి మోటార్లకు రాగి తీగ చుట్టే షాపు నడుపుతాడు. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నా మీద ఉతికిన బట్టలు తప్ప మరేమీ లేవు. బట్టలకు ఊపిరి ఉండదు. నా బతుకులో కాస్త నిద్రపోయింది ఆ రోజుల్లోనే.

మొన్న ఏప్రిల్లో సూర్యచంద్రరావు షాపులోనే గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. రాజమండ్రి తీసుకెళ్లి స్టెంటు వేశారు. అయిదో రోజున ఇల్లు చేరాడు. అతను గుమ్మం ఎక్కేలోపే మంగతాయారు నన్ను తుడిచి, నవారు బిగించి, హాల్లో వేసింది. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితం నా మీద కూర్చునే చదువుకుంది. ఆఖరి వరస పైకే చదివింది. "పథ్యం, జీవితాంతం." తర్వాత ఉప్పు, నూనె అంటూ వేళ్లు లెక్కపెట్టి, చివరి వేలు మడిచింది. మడిచిన వేలిని మళ్లీ తెరవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

జీవితాంతం అన్న మాట నాకు కొత్త. నలభై రోజులకు మించి నేను ఏ ఇద్దరి మధ్యా ఉన్నదాన్ని కాను.

అతనికి ఆమె ఏమీ చెప్పలేదు. లోపలి గదిలో పెద్ద మంచం మీద ఆమె, హాల్లో నా మీద అతను. రోజుకు పదిసార్లు వచ్చి అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్లేది. వేలు పెట్టేది గానీ చెయ్యి పట్టుకునేది కాదు. అతను కళ్లు మూసుకుని అదంతా చూస్తూనే ఉండేవాడు. ఒక పొద్దున స్నేహితుడితో ఫోన్లో, "ఇంట్లో నన్ను స్క్రాపులో వేసేశార్రా" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆ స్నేహితుడే సాయంత్రం వచ్చి ఒక చిన్న పొట్లం ఇచ్చి వెళ్లాడు. అతను దాన్ని తలవైపు నా నవారు మడతలో దాచాడు. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని డాక్టరిచ్చిన మాత్రల సీసా దిండు కింద ఉండేది. రెంటికీ మధ్య జానెడు దూరం. పొట్లంలో ఏముందో నాకు తెలియదు. కానీ నాలో దాచినదేదీ మంచికి దాచింది కాదని ఇన్నేళ్ల అనుభవం. రెండు రోజులు నేను ఊపిరి లెక్క కూడా తప్పాను.

మూడో రోజు మంగతాయారు నవారు వదులైందని విప్పి బిగించబోయింది. పొట్లం ఆమె ఒళ్లో పడింది. మాత్ర తీసి చూసింది. కవరు మీద కౌగిలించుకున్న జంట బొమ్మ చూస్తే ఎందుకు వాడేదో తెలిసిపోతోంది.

"ఎవరి కోసమండి ఇవి?"

"ఎవరి కోసమేంటే? నువ్వు తెచ్చి హాల్లో పడేశావు. కాలిపోయిన మోటారనుకున్నావు. కాదని చూపిద్దామని."

ఆమె పొట్లాన్ని గుప్పిట్లో బిగించింది. "పథ్యం తప్పినోళ్లని మా నాన్న దగ్గర ఎంతమందిని చూశానో మీకేం తెలుసు? నా చేత్తో మిమ్మల్ని చంపుకోమంటారా?"

 అతను, "చెప్పొచ్చు కదే," అన్నాడు. అంతే.

మర్నాడు ఎలాగూ ఆసుపత్రిలో చూపించుకోవాల్సిన రోజు. స్టెంటు వేసి ఆరు వారాలు. ఇద్దరూ మధ్యాహ్నానికి తిరిగొచ్చి నా మీదే కూర్చున్నారు. నా పట్టెలు మూలిగాయి. ఆమె తలొంచుకుని చెప్పడం మొదలుపెట్టింది. అతన్ని ఈసీజీకి తీసుకెళ్లినప్పుడు ఆమె పెద్ద సిస్టరమ్మకు ఆ పొట్లం చూపించిందట. సిస్టరమ్మ బెదిరిపోయి నేరుగా డాక్టరు గదిలోకి తీసుకెళ్లిందట. నాలుక కింద మాత్ర వాడే మనిషి ఈ మాత్ర వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడట. సూర్యచంద్రరావు ముఖం పాలిపోయింది.

"మరి పథ్యం సంగతి అడిగావా?"

"అడిగాను. మా నాన్న చెప్పే పథ్యం గురించీ చెప్పాను. సిస్టరమ్మ నవ్వింది. మీ నాన్నగారి పథ్యం వేరు, మా పథ్యం వేరమ్మా, మాది తిండి వరకే అంది."

"అంటే?"

"రిపోర్టులన్నీ బాగున్నాయంట. రెండంతస్తులు ఆగకుండా ఎక్కి, నొప్పీ ఆయాసం రాకపోతే సంసారానికి భయం లేదని డాక్టరుగారే చెప్పారు. నిండా తిన్న వెంటనే వద్దు, ఒంట్లో బాగోనప్పుడు వద్దు. నొప్పనిపిస్తే ఆపెయ్యడం, తగ్గకపోతే వెంటనే అంబులెన్సుకి ఫోను చెయ్యడం."

అతను ఆమె వైపు తిరిగాడు. "అందుకేనా ఆసుపత్రిలో లిఫ్టు ఖాళీగా ఉన్నా నన్ను రెండంతస్తులు మెట్లెక్కించావు?"

"ఎక్కారు కదా. మీ ముఖమే చూస్తా ఎక్కాను. మెట్టు తప్పి నేనే పడబోయాను."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకు నేను విరిగిపోతాననుకున్నాను. పొట్లాన్ని అతనే లేచి మరుగుదొడ్లో పారేసి వచ్చాడు.

పెద్ద మంచం దగ్గరికి ఆ రోజే వెళ్లలేదు. ఆమె భయం అంత తొందరగా పోయేది కాదు. మరో వారం వీధి చివరిదాకా కలిసి నడిచారు. ముందు చేతులు కలిశాయి, తర్వాత మాటలు, ఆ తర్వాత నా మీది దిండు లోపలికెళ్లింది. దిండు పోయాక ఇక్కడ నా పని ముగిసిందని నాకు అర్థమైంది.

ఆదివారం ఇద్దరు మనుషుల్ని పిలిచి నన్ను డాబా మీదికి చేర్పించింది. పాత చీర పరిచి, మినప వడియాలు పెట్టి, పదిన్నరకి కిందికి దిగింది. కాసేపటికి కింద లోపలి గది గడియ పడిన చప్పుడు వినిపించింది.

నాకిక స్థిమితం లేదు. ఊపిరి లెక్కపెడదామంటే నా మీద ఎవరూ లేరు. ఎండ చూశాను, కాకుల్ని చూశాను, మెట్ల వైపు చూశాను. పడమటి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మొదటి చినుకు సరిగ్గా వడియం మీదే పడింది. మబ్బు నీడ కనిపిస్తేనే పరిగెత్తుకొచ్చే మనిషి, చినుకులు పడుతున్నా పైకి రాలేదు. పదకొండో రోజున నా పట్టె పట్టుకుని నడిచిన చెయ్యి గుర్తొచ్చింది. ఎందుకు రావడం లేదు? ఏమైంది?

అప్పుడు కిటికీలోంచి అతని గొంతు వినబడింది. "వర్షం మొదలైనట్టుంది, చూడవే. వడియాలు."

"పోతే పోనీండి," అంది మంగతాయారు.

వడియాలన్నీ కరిగి చీరలోంచి నా నవారులోకి దిగిపోయాయి. ఆ వానలో, ఎవరి ఊపిరీ లెక్కపెట్టకుండా, నేను హాయిగా తడిశాను.