ఉస్మాన్ మాటలు

పిల్లలు ఎప్పుడు నడవాలి, ఎప్పుడు మాట్లాడాలి అని ఎవరైనా నాకు లెక్కలు చెబితే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒకటో తరగతికి పాఠాలు చెప్పీ చెప్పీ తల నెరిసిన రాధాబాయిని నేను. మా అబ్బాయి వాదిరాజ ఏడాది నిండకముందే వసపిట్టలా వాగేవాడు. నడకా? పిర్ర నేల మీంచి లేపితే ఒట్టు. వీడి కాళ్లలో జీవం లేదని మా అత్తగారు తలుపు చాటున ఏడ్చేది. ఒకనాడు పిల్లి బొబ్బట్టు కరుచుకుపోతుంటే చూసి, లేచి దాని వెంటపడ్డాడు. ఆ తర్వాత వాణ్ణి కూర్చోబెట్టడమే మాకు పనైంది.

పక్కింటి ఉస్మాన్‌ది దీనికి తిరగేసిన వరస. ఏడాదికే పరుగులు. రెండో ఏడు నిండుతున్నా నోట్లోంచి ‘అమ్మా’ అన్న మాట లేదు.

డెబ్బైల చివర్లో సంగతి ఇది. ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు గోడ పక్కన రెండే ఇళ్లుండేవి, మాదీ సిరాజుద్దీన్‌దీ. సిరాజుద్దీన్ పుట్టు చెవిటి, మూగ. దూదేకి పరుపులు కుట్టేవాడు. తల్లీతండ్రీ పోయాక చెల్లెలు జమ్రుద్‌బీని పెంచింది, ఎమ్మిగనూరులో సంబంధం చూసి పెళ్లి చేసింది ఆ దూదేకే విల్లుతోనే. చెల్లెలి మొగుడు లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు బళ్లారి దారిలోనే ఉంటాడు కాబట్టి ఆమె కాన్పుకొచ్చి అన్న దగ్గరే ఉండిపోయింది. ఆమె వంటా నీళ్లూ చూసుకుంటే కొడుకు ఉస్మాన్ పొద్దంతా మామ ఒళ్లో, దూది కుప్పలో పెరిగాడు.

జమ్రుద్‌బీకి లోపల ఒకటే గుబులు. ఒకరోజు మా వంటింటి గడపలో కూర్చుని బయటపెట్టింది.

“టీచరమ్మా, వీనికి గూడా మాయన్న మాదిరే చెవులు లేవేమో. పిలిస్తే తిరగడు.”

“ఛీ, అవేం మాటలే? ఇప్పుడేం కొంప మునిగింది?” అన్నాను గానీ, నాకూ చూడాలనిపించింది. కుతూహలం నా పుట్టుజబ్బు. ఇత్తడి పళ్లెం, గరిటె పట్టుకుని వాళ్లింటికి పోయి, పిల్లవాడి వెనక నిలబడి ఠంగుమని కొట్టాను. వాడు దూది పింజలు ఊదుకుంటున్నాడు, కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాను. మా ఇంట్లో కునుకు తీస్తున్న మా ఆయన మధుసూదనరావు లేచొచ్చి “ఏమైందే?” అని కేకపెట్టాడు గానీ ఉస్మాన్ తల తిప్పలేదు. జమ్రుద్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఆ పళ్లెం అక్కడే విసిరికొట్టాలనిపించింది.

ఆ ఏడు పత్తి విరగపండి మిల్లు రాత్రీ పగలూ మోగుతూనే ఉండేది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయి అది టక్కున ఆగిపోయింది. నేను సిరాజుద్దీన్ ఇంటి గడపలో ఉన్నాను. ఉస్మాన్ ఉలిక్కిపడి లేచాడు. నలుదిక్కులా చూసి, మిల్లు గోడ వైపు వేలు పెట్టి బావురుమన్నాడు.

ఓరి నీ! మోతలో పుట్టిన పిల్లవాడికి మోత ఒక చప్పుడా? నా ముష్టి పళ్లేన్ని వాడెందుకు లెక్కచేస్తాడు? మోత లేకపోవడమే వాడికి వింత. నేను తలుపు చాటుకు పోయి సన్నగా “ఉస్మానూ” అని గొణిగాను. ఏడుపు ఆపి ఇటు తిరిగాడు.

“వింటున్నాడే! నీ కొడుకు చీమ నడిచినా వింటాడు!”

జమ్రుద్‌బీ నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, అందులో దాచేదేముంది.

ఆ సంతోషం ఎన్నాళ్లు? ఆదివారం ఎమ్మిగనూరు నుంచి జమ్రుద్‌బీ అత్త హమీదాబీ దిగింది. వక్క నములుతూ అంతా విన్నది.

“చెవులుండీ మాట రాల్యా అంటే, మాట్లాడేటోళ్లు లేకనే గదా? పొద్దస్తమానం మూగోని ఒళ్లో యేస్తే ఏం నేరుస్తాడు? ఆయప్ప మంచోడే, నేను కాదన్ను. మా తమ్మునికి ఎమ్మిగనూరులో పరుపుల అంగడి ఉండాది. ఆడికి పంపు, కడుపునిండా తిని పని చేసుకుంటాడు. లేదంటావా, పిల్లోన్ని నాకియ్యి, ఎత్తుకపోతా.”

నేను ఊరుకుంటానా? “ఏమమ్మా, మా ఇంట్లో అందరికీ కాళ్లున్నాయి. మరి మావాడు అన్నాళ్లు ఎందుకు నడవలేదు?” అన్నాను.

“మీరు సదువుకున్నోళ్లు, మీకు మాటలకేం కొదవ,” అని ఆమె ఇంకో వక్క నోట్లో వేసుకుంది.

జమ్రుద్‌బీ కొడుకును వదులుకోలేక అన్నను వదులుకుంది.

ఎందుకు పంపుతున్నదో అన్నకు చెప్పడం కూడా ఆమెకు చేతకాలేదు. బస్సు నడిపినట్టు చేతులు తిప్పింది, సూదితో కుట్టినట్టు చూపించింది. నాలుగు రోజుల పనేదో ఉందనుకున్నాడు ఆయన. విల్లు భుజాన వేసుకుని, మేనల్లుడి బుగ్గ గిల్లి, నవ్వుతూ బస్సెక్కాడు. తన ఇంట్లోంచి తననే పంపేస్తున్నారని ఆ అమాయకుడికి తెలియదు. నేను కోపంతో రెండు రోజులు ఆ ఇంటి వైపు చూడలేదు.

ఇక ఆ ఇంట్లో మాటలే మాటలు. ‘అమ్మా అను, నానా అను, జేజి అను’ అని హమీదాబీ పొద్దున్నుంచీ గోల. ఉస్మాన్ నోరు విప్పలేదు సరికదా, అన్నం మానేశాడు. తల్లి కనబడితే చాలు, రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టి భుజాల మీదుగా కిందికి జార్చేవాడు. చెవిపోటనుకుని ఆమె చెవుల్లో నూనె పోసింది. హమీదాబీ దిష్టి తీసింది. వాడు మళ్లీ చెవుల దగ్గర్నుంచి భుజాల మీదికి. అయినా ఎవరికీ పట్టకపోతే నేలమీద పడి ఏడుపు.

ఇదేం చోద్యమని పంతం పక్కనబెట్టి వెళ్లి వాడి ఎదుట కూర్చున్నాను. నన్ను చూడగానే బొటనవేలు నుదుటికి ఆనించాడు. నా బొట్టు పావలా కాసంత ఉంటుంది మరి. నాకేదో తోచింది. లేచి బయటికి పోయి మళ్లీ వచ్చాను. మళ్లీ బొటనవేలు నుదుటికే. మా ఆయన్ను పిలుచుకొచ్చి నిలబెట్టాను. కళ్ల చుట్టూ వేళ్లు గుండ్రంగా పెట్టాడు, కళ్లజోడు! ఇక హమీదాబీని చూసి ఏం చేశాడంటారా, దవడ అటూ ఇటూ ఆడించాడు. నాకు నవ్వాగలేదు. నవ్వుతూండగానే ఒళ్లు జల్లుమంది. వాడు మమ్మల్ని పేరు పేరునా పిలుస్తున్నాడు! మాట రాలేదని మేము తలలు బద్దలు కొట్టుకుంటుంటే, వెధవ, ఎన్నాళ్ల నుంచో మాట్లాడుతూనే ఉన్నాడు.

“జమ్రుద్, ఇట్రా. వాడు నిన్ను చూసి చెవుల దగ్గర్నుంచి ఇలా అంటాడే, అది చెవిపోటు కాదు. నీ పేరు. ఏమిటది?”

ఆమె తన చేతులు చెవుల దగ్గర పెట్టుకుని, మెల్లగా కిందికి జార్చి చూసుకుంది. చేతులు భుజాల మీదే ఆగిపోయాయి.

“జడలు,” అంది. “అమ్మ సచ్చిపోయినంక ఇస్కూలుకు పోయేటప్పుడు మాయన్నే యేసేటోడు, రెండు జడలు. నన్ను సూసి ఇట్లనేటోడు. ఇప్పటికీ అంటాడు. ఊరికే సేతులూపుతాడనుకుంటి, టీచరమ్మా.”

ఆమెకిప్పుడు జడలు లేవు, ముడే. అన్నకు మాత్రం ఆమె పేరు ఇప్పటికీ అదే. దాన్నే మేనల్లుడికీ నేర్పాడు.

“అయితే వాడు నిన్ను అమ్మా అంటూనే ఉన్నాడు కదే,” అన్నాను.

ఆమె “నా బిడ్డ పిలుస్తాంటే చెవుల్లో నూనె పోస్తినే!” అని రొమ్ము బాదుకుంది.

హమీదాబీ దవడ ఆడడం ఆగిపోయింది. “అయితే మాత్రం, నోటితో అనొద్దా?” అంది, ముందున్నంత గట్టిగా కాదు.

“అంటాడు. ఎప్పుడనాలో వాడిష్టం.”

అన్నాడు కూడా, మూడో ఏడు దాటాక. తర్వాత వాగుడులో మా వాదిరాజ వీడి ముందు ఎందుకూ పనికిరాలేదు. కానీ ఆరోజు అది మాకెవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున బస్సుకే ఎమ్మిగనూరు పోయాం. నన్నెవరూ రమ్మనలేదు, నేనే ఎక్కాను. పరుపుల అంగడిలో సిరాజుద్దీన్ అటు తిరిగి విల్లు మీటుతున్నాడు, ఒళ్లంతా దూది. జమ్రుద్‌బీ గడపలో నిలబడి “అన్నా” అంది. “అన్నా, నేను!” అని ఇంకా గట్టిగా అంది. వినబడదని తెలిసీ అంది, పాపం. ఉస్మాన్ ఆమె చంకలోంచి జారి, పరుగెత్తి పోయి మామ మోకాలు పట్టుకున్నాడు.

ఆయన తిరిగి చూశాడు. పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు. గడపలో చెల్లెలు కనబడగానే ముఖమంతా నవ్వై, ఖాళీగా ఉన్న చేతిని చెవి దగ్గర్నుంచి భుజం మీదికి జార్చాడు.

“వచ్చినా అన్నా,” అంది ఆమె. అని ఆగిపోయింది. తప్పయిపోయిందని చెప్పాలి, ఇంటికి రమ్మని చెప్పాలి. రెండు చేతులూ పైకెత్తింది గానీ వాటితో ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

అన్న చంకలో ఉన్న కొడుకు దగ్గరికి పోయి, “మామకు యెట్ల సెప్పల్లరా?” అని అడిగింది.