తొమ్మిదో షరతు

రొయ్యలు వలుస్తూ, ఫ్రిజ్ పాడైందని చెప్పడానికి కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది బ్లెస్సీ. "ఆలస్యానికి క్షమించండి. మీ ఫిర్యాదు రాసుకుంటున్నాను," అంది అవతలి గొంతు. బ్లెస్సీ చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి. అది అక్క జెన్నిఫర్ గొంతు. జెన్నిఫర్‌ని బాపట్లలో సమాధి చేసి పద్నాలుగు నెలలైంది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎవరింట్లో వాళ్ళు, బయటి చప్పుడు రాకుండా గది గోడలకి బొంతలు కట్టుకుని కంపెనీలకి గొంతు రికార్డు చేసి పంపేవాళ్ళు. ఉద్యోగం కాదు, ఏ పనికా పని ఒప్పందం. తెనాలిలో బ్లెస్సీ రేపల్లె బండి వెళ్ళేదాకా ఆగి చదివేది. బాపట్లలో జెన్నిఫర్ అత్తగారు కునుకు తీసేదాకా ఆగేది. కానీ ఫ్రిజ్ మాటలు అక్క ఏనాడూ చదవలేదు, కంప్యూటరు పలికిస్తోంది. గొంతులు అమ్మే ఒక కంపెనీతో అక్క చేసుకున్న ఒప్పందంలో తొమ్మిదో షరతు అదే: ఆ గొంతుని ఏ మాటకైనా, ఎప్పటికైనా, ఆమె పోయాక కూడా వాడుకోవచ్చు. "అంత పెద్ద కంపెనీ మోసం చేస్తుందా? సంతకం పెట్టి అన్నం వడ్డించు," అన్నాడట బావ ఫ్రాన్సిస్. కాఫీ చల్లారినా, కూరలో ఉప్పు తగ్గినా రోజుకి పదిసార్లు తప్పయిందండి అనే మనిషి అక్క. పోయాక కూడా ముక్కూమొహం తెలియనివాళ్ళకి క్షమాపణ చెప్పుకునే పనిలోనే పెట్టారు దాన్ని, అనుకుంది బ్లెస్సీ.

ఆ వారమే అదే గొంతుల కంపెనీ నుంచి వినయ్ కుమార్ ఫోన్ చేశాడు. "మీ అక్కగారి రికార్డులు చాలడం లేదండి. మీ గొంతూ అచ్చం ఆవిడ గొంతులానే ఉంటుంది. మీరు సంతకం పెడితే ఆవిడది ఆపేసి మీది పెడతాం." పంపిన కాగితంలో తొమ్మిదో షరతు అలాగే ఉంది.

"పేచీ పెట్టకు, ఉన్న పనీ పోతుంది," అన్నాడు భర్త జాన్సన్.

"నేను చదివిన మాటలే వాడాలండి, ఏడాదే. అక్క గొంతు చెరిపేస్తామని ఇదే కాగితంలో రాయండి," అంది బ్లెస్సీ.

"అందరూ పెట్టేశారు మేడం. ఇలా ఎవరూ అడగలేదు."

"చదవనిస్తే కదండీ అడగడానికి."

మూడు వారాలు జవాబు లేదు. బ్లెస్సీ పొయ్యి దగ్గర నిలబడి రోజూ ఆ ఫ్రిజ్ కంపెనీ నంబరుకి ఫోన్ చేసేది. "అక్కా" అంటే, "మీరు చెప్పింది అర్థం కాలేదు, క్షమించండి" అనేది ఆ గొంతు.

చివరికి కొత్త కాగితం వచ్చింది. అడిగినవన్నీ ఉన్నాయి. "ఇప్పుడైనా పెట్టు," అన్నాడు జాన్సన్. చివరి పేజీ దాకా చదివింది. పెడితే ఆ గొంతు ఇక వినబడదు. అయినా కలం తీసుకుని సంతకం పెట్టింది.

సోమవారం ఫోన్ చేస్తే ఉత్త సంగీతం వచ్చింది. ఎంతసేపు పట్టుకున్నా అదే. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకి.

జాన్సన్ కంగారుగా వంటింట్లోకి వచ్చాడు. "ఏంటి, ఏమైంది?"

"అక్క పోయిందండి," అంది.