తెగని వాటా

మధ్యాహ్నం పన్నెండుకే చీకటి కమ్మింది. తొంభైలో, మే నెల తుఫాను. హంసలదీవి దగ్గరి ఆ పల్లె జనమంతా తుఫాను షెల్టరు ముందు గుమిగూడారు. డెబ్భై ఏడు ఉప్పెనలో తల్లిని పోగొట్టుకున్న అంకమ్మకి ఆ హోరు తెలుసు. వెనక సముద్రం. ముందు ఇనుప గేటు, దానికి నంబర్ల తాళం.

షెల్టర్లో ట్యూషన్ చెప్పే విల్సన్ మాస్టారు వేసిన తాళం అది. పేపర్లు దిద్దడానికి మొన్ననే బందరు వెళ్ళాడు. అంకమ్మ ఎండుచేపల గంపల్ని లోపల పెట్టనివ్వకూడదనే ఆ తాళం. "నాలుగంకెల ప్రధాన సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది. అంటే ఎన్ని వాటాలేసినా సమంగా తెగనిది. కనిపెట్టావో, నీ గంపలు నేనే మోస్తా అంకమ్మా!" అని పోయినవారం నవ్వాడు.

"తప్పుకో అక్కా, గునపంతో పగలగొడతా" అన్నాడు తమ్ముడు పున్నయ్య.

"ఇందాక ఒక దెబ్బేశావుగా! చక్రాలు బిగుసుకుపోయాయి. ఇంకోటేస్తే అసలు తిరగవు. ఆగరా!"

"అత్తా, నీళ్ళు..." నెలలు నిండిన కోడలు జానకి గేటు ఊచలు పట్టుకుంది. అప్పటికే చీలమండలు మునిగాయి.

అంకమ్మ బడికెళ్ళింది రెండేళ్ళే. కానీ ముప్పై ఏళ్ళుగా రేవులో వేట చేపలకి వాటాలేసేది ఆమే. సగానికి తెగే సరిసంఖ్యలు వదిలేసి పైనుంచి దిగుతూ వచ్చింది. 9999 మూడుకి తెగింది. 9997 పదమూడుకి. 9995 ఐదుకి. 9993 మూడుకి. 9991 ఏడుకి తెగలేదు, పదకొండుకి తెగలేదు, నలభై ఏడుకీ తెగలేదు. యాభైకి మించి ఏ రేవులోనూ వాటాలు వెయ్యరు. పళ్ళు బిగించి చక్రాలు తిప్పింది.

తాళం రాలేదు.

నీళ్ళు నడుముకొచ్చాయి. తాళం మునిగిపోయింది.

"నీ లెక్కలు తగలెయ్య! అందర్నీ చంపేస్తావే!" పున్నయ్య గునపం ఎత్తాడు.

అంకమ్మ 9991ని మళ్ళీ పట్టుకుంది. ఎక్కడ తప్పింది? తొంభై ఏడు వాటాలేస్తే... వాటాకి నూట మూడు! తెగింది! యాభై దగ్గర ఆగడమే తప్పు. వందదాకా చూడాలి. ఆపైన అక్కర్లేదు. వాటాలు వంద దాటితే ఒక్కో వాటా వందకి లోపే, ఆ లెక్క ముందే చూసేసి ఉంటుంది.

"నీ కాళ్ళు పట్టుకుంటా తమ్ముడూ, ఒక్క నిమిషం!"

మూడుకీ ఐదుకీ తెగేవి చూడగానే వదిలేసింది. 9989 ఏడుకి పోయింది. 9983 అరవై ఏడుకి. 9979 పదిహేడుకి. 9977 పదకొండుకి. 9973... జానకి కెవ్వుమంది. ముప్పై ఏడు, అరవై ఒకటి, ఎనభై మూడు, తొంభై ఏడు. దేనికీ తెగలేదు.

కంటికి కనబడని తాళాన్ని వేళ్ళతో తడిమింది. అది ఇంకా 9991 మీదే ఉంది. మూడో చక్రం రెండంకెలు వెనక్కి. నాలుగోది రెండంకెలు ముందుకి. గోరు ఊడొచ్చింది. చక్రం కదిలింది.

తాళం తెరుచుకున్న చప్పుడు చెవికి వినబడలేదు, వేలికి తెలిసింది.

గేటు పక్కకి జరిగింది. పున్నయ్య గునపం పారేసి జానకిని ఎత్తుకుని మెట్లెక్కాడు. వెనకే జనం. పై గది చేరాక కింద ఏదో విరిగిన చప్పుడైంది. గేటు ఉన్నచోట ఇప్పుడు అల ఉంది.

అంకమ్మ ఒక్క చేత్తోనే జానకి తల తుడిచింది. తాళం పట్టుకున్న ఆమె రెండో చేతి పిడికిలిని విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.