అంచుకు అరవై పిన్నులు

విమానాశ్రయం తనిఖీ దగ్గర డబ్బు కట్టి మరీ త్వరగా పంపే వరసలో నిలబడ్డవాడంత వెర్రివాడు లోకంలో ఉండడు. ఆ వెర్రివాణ్ణి నేనే. వేలిముద్రలిచ్చాను, ఫోటో కార్డు మెళ్ళో వేసుకున్నాను. మా ఆవిడేమో "నాకెందుకండీ ఈ హంగులు" అంటూ మామూలు వరసలోకి వెళ్ళింది.

"నువ్వొచ్చేసరికి నేను కాఫీ తాగేసి ఉంటాను చూడు" అన్నాను.

నేను దర్జీని. నా భుజాన ఉన్న సంచిలో మా అక్క పెళ్ళి గౌను ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచిన అక్క, యాభై రెండో ఏట పెళ్ళాడుతోంది, ఆ సాయంత్రం నాలుగింటికి. కింది అంచు ఇంకా కుట్టలేదు. ముందే కుడితే మడత నలుగుతుంది, వేసుకునే రోజే కుట్టాలన్నది నా మొండిపట్టు. కొలత తీసి చుట్టూ అరవై పిన్నులు గుచ్చి ఉంచాను. విమానం దిగాక ఓ గంట దొరికితే చాలు, కుట్టేస్తాను.

మా వరస కదిలితే ఒట్టు. ముందున్నాయన కార్డు కోసం ఏడు జేబులు వెతికాడు. నా వంతు రాగానే యంత్రం కుయ్యిమంది. కాలరుకు సూది! పని మధ్యలో అక్కడ గుచ్చుకోవడం ముప్పై ఏళ్ళ అలవాటు. మళ్ళీ వరస చివరికి పొమ్మన్నారు. అవతల మా ఆవిడ కాఫీ తాగుతూ చెయ్యి ఊపింది. ఒళ్ళు మండిపోయింది.

సూది తీసి ట్రేలో పెట్టి రెండోసారి నేను గట్టెక్కాను గానీ సంచి దొరికిపోయింది.

"ఇన్ని పిన్నులు కుదరవు సార్. తీసేయండి" అంది తనిఖీ చేసే అమ్మాయి.

"తీస్తే కొలత పోతుందమ్మా! మా అక్క పెళ్ళి!"

"రూలు సార్."

"త్వరగా పంపడమంటే ఇదేనా?" అని అరిచాను. అందరూ నన్నే చూశారు.

"ఏమండీ! అరుపులాపి టాకాలు వెయ్యండి!" అని అవతలి నుంచి మా ఆవిడ కేకేసింది.

నిజమే, నా బుర్రకు తట్టనే లేదు. తనిఖీ బల్ల మీదే గౌను పరిచి, ఆ కాలరు సూదితోనే పొడుగాటి కచ్చా కుట్లు వేస్తూ ఒక్కో పిన్నూ తీశాను. ఆ అమ్మాయే అంచు బిగించి పట్టుకుంది. విమానం తలుపులు మూసే ముందు పడుతూ లేస్తూ ఎక్కాం.

విమానం ఆలస్యంగా దిగింది. మేం చేరేసరికి నాలుగుకు పది నిమిషాలుంది. అక్క గౌను తొడుక్కుంది. నీలం బట్ట మీద అంగుళం పొడుగు తెల్ల కుట్లు! సిగ్గుతో చచ్చిపోయాను. దారపుండ తీసి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"లేవరా."

"జనం నవ్వుతారక్కా. అరగంటలో సరిగ్గా కుట్టేస్తా."

"నవ్వనీ. నువ్వు పెద్దయ్యేదాకా ఆగాను. నీ పెళ్ళయ్యేదాకా ఆగాను. ఇప్పుడు నీ కుట్టు కోసం కూడా ఆగమంటావా?"

గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని చకచకా బయటికి నడిచింది. నేను కళ్ళు తుడుచుకుంటూ ఆమె వెనకాల పరుగెత్తాను.