సూదికి దొరికిన మార్పు

మెడలో ఎప్పుడూ ఈలతో ఈత నేర్పే కోచ్‌ని పిల్లలంతా 'ఈలత్తయ్య' అనేవారు. ఆమె భుజం మీది నల్లమచ్చను డాక్టర్లు రెండేళ్ళ క్రితమే తీసేశారు. చర్మ క్యాన్సర్ అన్నారు, అంతటితో పీడ విరగడైందనుకున్నారు. ఇప్పుడు చంకలో గడ్డ తేలింది. స్కాన్‌లో ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి.

"కణితిలో ఒక జన్యువు మారి ఉందేమో పరీక్షిద్దాం. ఆ మార్పు ఉంటే, సరిగ్గా దాన్నే అడ్డుకునే మాత్రలున్నాయి" అంది డాక్టరమ్మ.

అప్పట్లో తీసిన మచ్చ ముక్కను ల్యాబ్‌లో మైనంలో భద్రపరిచారట. దాన్నే పరీక్షకు పంపారు. వారం తర్వాత వచ్చిన జవాబు విని, తోడుగా వచ్చిన అక్క మండిపడింది. ముక్క చాలలేదట, ఏమీ తేల్చలేకపోయారట.

"చాలలేదంటే ఏంటండీ? గుడ్డ చాలకపోతే నేను కొలతలప్పుడే చెప్పేస్తాను" అంది. ఆమె దర్జీ.

"కోప్పడకే అక్కా. గడ్డ నా దగ్గరే ఉందిగా, కావలసినంత తీసుకోమను" అంది ఈలత్తయ్య.

చంకలోని గడ్డ నుంచి సూదితో కొత్త ముక్క తీశారు. ఎంత లోతు నీళ్ళకైనా జంకని మనిషి, సూదిని చూడగానే కళ్ళు గట్టిగా మూసుకుని అక్క వేళ్ళు నలిపేసింది.

"వదలవే, రేపు కత్తెర పట్టుకోవాలి" అని అక్క మొత్తుకుంటే నర్సు నవ్వాపుకోలేకపోయింది.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ, "మార్పు ఉందమ్మా" అంది. అక్క అది చెడ్డ కబురనుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"ఉండటమే మనకు మంచిదండీ" అని డాక్టరమ్మ నచ్చజెప్పేసరికి, "ఆ ముక్క ముందు చెప్పొద్దూ" అంటూ ముక్కు తుడుచుకుంది.

మాత్రలు మొదలయ్యాక జ్వరం వస్తూ పోతూ ఉండేది. ఒళ్ళు నొప్పులతో ఈలత్తయ్య చిరాకుపడేది, అన్నం కంచం పక్కకు నెట్టేసేది. అక్క మాత్రం కుట్టుమిషను తెచ్చుకుని ఆమె గదిలోనే మకాం పెట్టింది. రెండు నెలలకు మళ్ళీ స్కాన్ తీస్తే మచ్చలు సగానికి పైగా కరిగాయి.

"ఈ మాత్రలు ఎప్పటికీ ఇలాగే పనిచేస్తాయని మాటివ్వలేను. ఇవి పనిచేయని రోజొస్తే వేరే దారులున్నాయి" అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

"ఆ రోజొచ్చినప్పుడు చూద్దాం" అంది ఈలత్తయ్య.

బయటికొస్తూ ఆమె ల్యాబ్ ముందు ఆగి, తన ముక్కను చూడనిస్తారా అని అడిగింది. అక్కడి డాక్టరు ముచ్చటపడి స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టాడు. గులాబీ, ఊదా రంగుల మధ్య కణాలు కిక్కిరిసి ఉన్నాయి.

"ఇదా నన్నింత ఆటాడించింది" అంది ఆమె.

అక్క కూడా వంగి చాలాసేపు చూసింది. "రంగులు మాత్రం బాగున్నాయే. ఇలాంటి గుడ్డ దొరికితే నీకో చొక్కా కుడతాను."

"నాకొద్దు తల్లీ. కుట్టి నువ్వే తొడుక్కో."

ల్యాబ్ డాక్టరు నవ్వుతూ వాళ్ళకు కుర్చీలు లాగాడు.